ఇంట్లో రోగిని చూసుకునేటప్పుడు ఇన్ఫెక్షన్ ఏ దారిన వస్తుంది

మంచాన పడ్డ మనిషిని హాస్పిటల్ నుంచి ఇంటికి తెస్తున్నారంటే ముందు రోజే ఇల్లంతా కడుగుతారు. కర్టెన్లు ఉతుకుతారు, గదిలో ఫినాయిల్ వాసన గుప్పుమనేలా తుడుస్తారు, కొన్నాళ్లు ఎవరూ రావద్దని చుట్టాలకు ఫోన్లు చేస్తారు. ప్రేమ కొద్దీ చేసేదే, తప్పేమీ లేదు. అయితే రెండో వారంలో జ్వరం వచ్చిందంటే అది నేల మీద నుంచి రావడం చాలా అరుదు. యూరిన్ పైపు వెంట వస్తుంది, శుభ్రం చేయని నోట్లోంచి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది, వీపు కింద చితికిన చర్మంలోంచి లోపలికి పోతుంది, సూదులూ పైపులూ దిగిన చోట మొదలవుతుంది. ఈ చోట్లన్నిటికీ క్రిములను చేర్చేవి ఎక్కువసార్లు చూసుకునేవాళ్ల చేతులే. కాబట్టి ఇంటి శుభ్రత మీద పెట్టే ఓపికలో సగమైనా ఈ నాలుగైదు దారుల మీద పెడితే దక్కే ఫలితం చాలా ఎక్కువ.

ఇంటికీ హాస్పిటల్‌కీ తేడా ఏంటో ముందు చూడాలి. వార్డులో ఒక్క నర్సే పదిమందిని తాకుతుంది, ఒకరి మీది క్రిములు మరొకరి మీదికి చేరతాయి, అందులోనూ చాలా మందులకు లొంగని మొండి బ్యాక్టీరియా అక్కడ ఎక్కువ. ఇంట్లో ఆ బెడద చాలా తక్కువ, రోగి ఒక్కరే, చుట్టూ ఉన్నవి ఏళ్ల తరబడి ఒంటికి అలవాటైన క్రిములే. మరి ఇన్ఫెక్షన్ ఎందుకొస్తుంది? ఒకచోట ఉండాల్సినవి ఇంకోచోటికి పోవడం వల్ల. పేగుల్లో ఉన్నంతసేపు ఏ హానీ చేయని ఈ-కొలై బ్యాక్టీరియా మూత్రాశయంలోకి చేరితే జబ్బు. చర్మం మీద కూర్చుని ఉండే స్టెఫైలోకోకస్ అనే బ్యాక్టీరియా రక్తంలోకి చేరితే ప్రాణం మీదికొస్తుంది. బయట నుంచి శత్రువు వస్తాడని తలుపులు మూసుకుని కూర్చుంటే ఈ లోపలి ప్రయాణాలు ఆగవు. ఇంట్లో ఇంకో చిక్కు ఏంటంటే, హాస్పిటల్లో ప్రతి పనికీ ఒక పద్ధతీ, దాన్ని గమనించే పైవాళ్లూ ఉంటారు. ఇక్కడ అదే పనిని నిద్ర చాలని కూతురో, నడుం నొప్పితో ఉన్న భార్యో, ఎవరూ సరిగ్గా నేర్పించకుండా, రాత్రి ఒంటిగంటకు బెడ్ లైటు వెలుతురులో చేయాలి.

చేతుల గురించి అందరికీ తెలుసు కదా అనిపిస్తుంది గానీ, తెలిసింది సగమే. 1847లో వియన్నా జనరల్ హాస్పిటల్‌లో రెండు ప్రసూతి విభాగాలు ఉండేవి. ఒకదాంట్లో మంత్రసానులు పురుళ్లు పోసేవాళ్లు, రెండోదాంట్లో డాక్టర్లూ వైద్య విద్యార్థులూ. డాక్టర్ల విభాగంలోనే బాలింత జ్వరంతో చనిపోయేవాళ్లు ఎక్కువ. అక్కడ పనిచేసే ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ కారణం పట్టుకున్నాడు: డాక్టర్లు శవపరీక్షలు చేసి ఆ చేతులతోనే పురుళ్ల గదిలోకి వస్తున్నారు. క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లలో చేతులు కడిగాకే లోపలికి రావాలని మే నెలలో నియమం పెట్టాడు. ఏప్రిల్‌లో 18 శాతం దాకా ఉన్న మరణాలు జూన్‌కల్లా 2 శాతం దగ్గరికి పడిపోయాయి. గోడలు అవే, మంచాలు అవే, నేల అదే. రెండు పనుల మధ్య చెయ్యి కడిగారు, అంతే.

ఈ 'రెండు పనుల మధ్య' అనే మాటలోనే అసలు కిటుకంతా ఉంది. ఇంట్లో చాలామంది చేతులు కడుక్కునేది పని అయిపోయాక, అదీ తమకు అసహ్యంగా అనిపించినప్పుడు. డైపర్ మార్చాక బాగా రుద్ది కడుగుతారు, కానీ యూరిన్ పైపును ముట్టుకునే ముందు కడగరు, ఎందుకంటే చెయ్యి శుభ్రంగానే కనిపిస్తుంది. మొదటి కడుగు మనల్ని కాపాడుతుంది, రెండోది రోగిని కాపాడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో చెప్పిన అయిదు సందర్భాలను ఇంటికి సర్దుకుంటే ఇలా ఉంటాయి: రోగిని తాకే ముందు ఒకసారి, పైపు, పుండు, సూది లాంటి పని మొదలుపెట్టే ముందు ఒకసారి, మలమూత్రాలో రక్తమో తగిలాక ఒకసారి, రోగిని తాకాక, మంచం చుట్టుపక్కల వస్తువులు తాకాక. వీటిలో అందరూ మర్చిపోయేది రెండోదే, ఎక్కువ ప్రమాదం ఉన్నదీ అక్కడే. ఒకే మనిషికి చేసే పనుల మధ్య కూడా ఇది వర్తిస్తుంది. మలం తుడిచిన చేత్తోనే పక్కనున్న పుండు కట్టు సర్దడం, 'అదే మనిషి కదా' అనుకుని చేసేది, చాలా మామూలుగా జరిగిపోయే పొరపాటు.

సబ్బూ నీళ్లతో అయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు, శానిటైజర్ అయితే 20 నుంచి 30 సెకన్లు, చెయ్యి పూర్తిగా ఆరేదాకా రుద్దాలి. శానిటైజర్‌లో కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉండాలి. చేతికి మురికి కనిపిస్తున్నప్పుడు అది పనిచేయదు. విరేచనాల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి, ఎందుకంటే యాంటీబయాటిక్స్ వాడాక వచ్చే కొన్ని తీవ్రమైన విరేచనాలకు కారణమయ్యే క్లోస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా గట్టి బీజాల రూపంలో ఉంటుంది, ఆల్కహాల్ దాన్ని ఏమీ చేయలేదు. నోరోవైరస్ మీద కూడా దాని పట్టు అంతంతే. అక్కడ సబ్బు పెట్టి రుద్ది నీళ్లతో కడిగేయడమే దారి. ఉంగరాలూ, గాజులూ, పొడుగు గోళ్లూ ఉంటే ఎంత కడిగినా వాటి కింద మిగిలిపోతుంది కాబట్టి పని చేసేటప్పుడు తీసి పక్కన పెట్టడం మంచిది. తుడుచుకునే టవల్ సంగతి ఎవరూ పట్టించుకోరు. రోజంతా తడిగా వేలాడే టవల్‌కు తుడిస్తే కడిగింది వృథా, చూసుకునేవాళ్లకు విడిగా ఒకటి పెట్టి రోజూ మార్చాలి.

గ్లోవ్స్ మీద ఉన్నంత అపోహ ఇంకే వస్తువు మీదా ఉండదు. గ్లోవ్స్ వేసుకోగానే ధైర్యం వస్తుంది, ఆ ధైర్యంతో అదే జతతో డైపర్ మార్చి, తలుపు తీసి, ఫోన్ ఎత్తి, మంచం రెయిలింగ్ పట్టుకుని, చివరికి నోరు తుడిచేవాళ్లు కనిపిస్తారు. తడి తగిలితే కడగాలనిపించే చేతి కన్నా, ఏమీ తెలియనివ్వని గ్లోవ్ ఇంకా ఎక్కువ దూరం క్రిములను మోస్తుంది. రక్తం, మలమూత్రాలు, చీము, కఫం తగిలే పనులకు గ్లోవ్స్ తప్పకుండా కావాలి. ఒక పనికి ఒక జత, అయిపోగానే లోపలి వైపు బయటికి వచ్చేలా తిప్పి తీసేయాలి, తీశాక చేతులు కడగాలి. కంటికి కనిపించని చిల్లులు ఉంటాయి, తీసేటప్పుడు చేతికి అంటుతుంది. అన్నం తినిపించడానికీ, తల దువ్వడానికీ, చెయ్యి పట్టుకుని కూర్చోవడానికీ గ్లోవ్స్ అక్కర్లేదు. రోజంతా రబ్బరు చేతులు తప్ప మనిషి చెయ్యి తగలని రోగికి ఎలా ఉంటుందో కూడా ఆలోచించాలి కదా.

ఇక యూరిన్ కాథెటర్, అంటే మూత్రాశయంలోకి వేసే పైపు. ఇంట్లో వచ్చే ఇన్ఫెక్షన్లలో దీని వాటా పెద్దది, దీని గురించి తప్పుడు నమ్మకాలూ ఎక్కువే. పైపు వేసిన మొదటి రోజు నుంచే దాని గోడల మీద బ్యాక్టీరియా జిగురు లాంటి పొర కట్టుకుంటూ పోతుంది. రోజుకు 3 నుంచి 7 శాతం చొప్పున మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం పెరుగుతుంది, నెల తిరిగేసరికి దాదాపు ప్రతి ఒక్కరి మూత్రంలోనూ ఉంటుంది. ఈ సంగతి తెలియకపోతే ఏమవుతుందంటే, మూత్రం కాస్త మబ్బుగా ఉందని, వాసన వస్తోందని ల్యాబుకు పంపుతారు, రిపోర్టులో బ్యాక్టీరియా అని వస్తుంది, వెంటనే యాంటీబయాటిక్ మొదలవుతుంది. జ్వరం, చలి, పొత్తికడుపులో నొప్పి, ఉన్నట్టుండి అయోమయం లాంటి లక్షణాలేవీ లేకుండా రిపోర్టును మాత్రమే చూసి మందు వాడితే ఆ బ్యాక్టీరియా పోదు, మందుకు లొంగనిది మిగులుతుంది. నిజంగా ఇన్ఫెక్షన్ వచ్చిన రోజున ఇక వాడడానికి పనికొచ్చే మందు దొరకకపోవచ్చు.

చేయాల్సినవి చాలా సాదా పనులు. బ్యాగ్ ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందే ఉండాలి, పక్కకు తిప్పేటప్పుడు, వీల్‌చెయిర్‌లోకి మార్చేటప్పుడు కూడా. ఒళ్లో పెట్టి తీసుకెళ్తే బ్యాగులో నిలిచిన మూత్రం వెనక్కి పోతుంది. అలాగని నేల మీద పడేయకూడదు, మంచానికి కొక్కెం పెట్టి వేలాడదీయాలి. పైపు మెలిక పడకుండా, కాలి కింద నలగకుండా, తొడకు ప్లాస్టర్‌తో కదలకుండా అతికించి ఉంచాలి. బ్యాగ్ మూడింట రెండొంతులు నిండగానే ఖాళీ చేయాలి, వంపేటప్పుడు కింది కుళాయి మూతి ఆ పాత్ర అంచుకు తగలకూడదు, ఆ పాత్ర ఆ రోగికి మాత్రమే వాడాలి. పైపుకూ బ్యాగుకూ మధ్య ఉన్న అతుకును ఊరికే ఊడదీయడం అన్నిటికన్నా చెడ్డ పని, ఎందుకంటే మూసి ఉన్న దారిని మనమే తెరుస్తున్నాం. పైపు దిగిన చోట రోజూ సబ్బూ నీళ్లతో, ముందు నుంచి వెనక్కి కడిగితే చాలు, డెట్టాల్ లాంటి యాంటీసెప్టిక్‌లు పోస్తే అదనంగా ఒరిగేదేమీ లేదు, చర్మం మండుతుంది. వీటన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ పైపు ఇంకా అవసరమా? హాస్పిటల్లో ఆపరేషన్ కోసం వేసింది, తీసే తేదీ ఎవరూ చెప్పలేదు, ఇంట్లోవాళ్లు అడగలేదు, అలా నెలలు గడిచిపోయిన పైపులు ఉంటాయి. డాక్టర్ని కలిసిన ప్రతిసారీ ఈ మాట అడగాలి. తడిసిన పక్కబట్టలు మార్చే పని తప్పుతుందని పైపు ఉంచుకోవడం మాత్రం రోగికి అన్యాయం.

నోటి గురించి ఎవరూ చెప్పరు. మంచాన ఉన్నవాళ్లకు వచ్చే న్యుమోనియాలో పెద్ద భాగం గాల్లోంచి రాదు, నోట్లోని లాలాజలం, తిన్న ముక్కలు, కక్కింది పొరపాటున గొంతు దాటి ఊపిరితిత్తుల్లోకి జారడం వల్ల వస్తుంది. మింగే శక్తి తగ్గినవాళ్లకు, పక్షవాతం వచ్చినవాళ్లకు ఇది రోజూ కొద్దికొద్దిగా జరుగుతూనే ఉంటుంది. జారేదాన్ని పూర్తిగా ఆపలేం, జారేదాంట్లో ఎన్ని బ్యాక్టీరియా ఉన్నాయన్నది మాత్రం మన చేతిలో ఉంది. జపాన్‌లో 11 వృద్ధాశ్రమాల్లో రెండేళ్ల పాటు జరిపి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రతి భోజనం తర్వాత పళ్లు తోమించుకున్నవాళ్లలో 11 శాతం మందికి న్యుమోనియా వస్తే, అలా చేయని వాళ్లలో 19 శాతం మందికి వచ్చింది. ఏ ఖరీదైన మందూ వాడలేదు. మెత్తటి బ్రష్, కాసిని నీళ్లు, కొంచెం ఓపిక. ముక్కులో పైపు ద్వారా ఆహారం ఇస్తున్నవాళ్లకు నోటితో తినరు కాబట్టి తోమక్కర్లేదనుకుంటారు. నిజానికి వాళ్ల నోరు ఎండిపోయి ఇంకా తొందరగా పాడవుతుంది. కట్టుడు పళ్లు రాత్రి తీసి శుభ్రం చేసి పెట్టాలి. 85 ఏళ్లు దాటినవాళ్ల మీద జపాన్‌లోనే చేసి 2015లో ప్రచురించిన ఇంకో పరిశీలనలో పళ్ల సెట్టుతోనే నిద్రపోయేవాళ్లకు న్యుమోనియా ముప్పు సుమారు రెండింతలు కనిపించింది. తినిపించేటప్పుడు కూర్చోబెట్టాలి, తిన్నాక కనీసం అరగంట తల వైపు ఎత్తుగానే ఉంచాలి. పడుకోబెట్టి గబగబా పోసేయడం ఎంత ప్రమాదమో చూసుకునే ప్రతి ఒక్కరికీ చెప్పి తీరాలి.

చర్మం చితకనంత వరకూ అదే పెద్ద గోడ. అది చితికేది ఒకేచోట బరువు పడడం వల్లా, తడి వల్లా. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలన్నది పాత లెక్క, పరుపును బట్టి, మనిషిని బట్టి నర్సు దాన్ని మార్చి చెప్పవచ్చు. పీఠభాగం, మడమలు, తుంటి ఎముక దగ్గర ఎరుపు కనిపించి వేలితో నొక్కినా తెల్లబడకపోతే అది బెడ్‌సోర్, అంటే ఒత్తిడి వల్ల పడే పుండు మొదలైన గుర్తు. నల్లటి చర్మం మీద ఎరుపు తెలియదు, అందుకని వేడిగా ఉందా, గట్టిపడిందా అని చేత్తో తడిమి చూడాలి. ఎర్రబడిన చోట గట్టిగా మర్దన చేయకూడదు, లోపల నలిగిన కణజాలం ఇంకా నలుగుతుంది. పుండు పడ్డాక కట్టు మార్చేటప్పుడు వరస ముఖ్యం: పాత కట్టు విప్పి సంచిలో వేయడం, గ్లోవ్స్ తీసేయడం, చేతులు కడగడం, అప్పుడు కొత్త కట్టు ముట్టుకోవడం. ఆ మధ్య కడుగు ఎగ్గొడితే పాత కట్టు మీదిదంతా కొత్త కట్టు కిందికి చేరుతుంది. పుండులో హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే నురగ వస్తుంది కాబట్టి శుభ్రమవుతోందనిపిస్తుంది, అది కొత్తగా పుడుతున్న కణాలను కూడా చంపుతుంది.

సూదుల దగ్గర ప్రమాదం చూసుకునేవాళ్లకు. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టబోయి గుచ్చుకోవడం చాలా ఎక్కువ. రోగి రక్తంలో హెపటైటిస్ బి ఉంటే, టీకా వేసుకోనివాళ్లకు ఒక్క పోటుతో అది అంటే అవకాశం 30 శాతం దాకా ఉంటుంది, హెచ్‌ఐవీ అయితే 0.3 శాతం. మూత పెట్టకుండా నేరుగా గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేయాలి, ముప్పావు నిండగానే మూసేసి, మీ దగ్గర వైద్య వ్యర్థాలు ఎవరు తీసుకుంటారో కనుక్కుని అప్పగించాలి, మామూలు చెత్తసంచిలో వేస్తే అది ఎత్తేవాళ్ల చేతికి దిగుతుంది. గుచ్చుకుంటే పిండకుండా సబ్బూ నీళ్లతో కడిగి అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే మొదలవ్వాలి, ఎంత తొందరైతే అంత మేలు. ఇంట్లో ఇద్దరికి షుగర్ ఉంటే వేలు గుచ్చే పెన్ను ఇద్దరూ వాడుకోవడం చూస్తుంటాం, సూది మార్చాం కదా అంటారు. పెన్ను మూతికి అంటిన కంటికి కనిపించని రక్తం చాలు. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలో కనీసం 7 రోజులు బతుకుతుంది, ఇలా పంచుకున్న పరికరాల వల్లే వృద్ధుల వసతి గృహాల్లో అది ప్రబలిన సందర్భాలు ఉన్నాయి. ఎవరి పెన్ను వాళ్లదే.

మందును పొగలా పీల్పించే నెబ్యులైజర్ కప్పును వాడిన ప్రతిసారీ విప్పి కడిగి గాలికి ఆరబెట్టాలి, తడిగా డబ్బాలో మూసిపెడితే అందులో పెరిగింది మర్నాడు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మందులు ఎక్కించడానికి ఛాతీ దగ్గరో చేతి దగ్గరో పెద్ద రక్తనాళంలోకి వేసిన లైన్ (సన్నటి పైపు) ఉన్నవాళ్ల సంగతి వేరు, అక్కడ పొరపాటుకు చోటు లేదు. నేర్పించకుండా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, మూతిని ఆల్కహాల్ స్వాబ్‌తో 15 సెకన్లయినా గట్టిగా రుద్ది ఆరనివ్వాలి, చలితో వణుకు వస్తే తెల్లారేదాకా ఆగకూడదు.

ఇల్లు శుభ్రం చేయడం అక్కర్లేదని కాదు, ఎక్కడ చేయాలో తెలిస్తే చాలు. మంచం రెయిలింగ్, స్విచ్చులు, తలుపు పిడి, ఫోన్, రిమోట్, కమోడ్ సీటు లాంటి చేతులు తగిలే చోట్లు రోజూ తుడవాలి. ముందు సబ్బు నీళ్లతో మురికి పోగొట్టాకే బ్లీచ్, మురికి మీద పోస్తే దాని బలం అక్కడే అయిపోతుంది. 5 శాతం బ్లీచ్ అయితే రక్తం పడ్డ చోట ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు, మామూలు చోట్ల 49 వంతుల నీళ్లు కలిపి, కొన్ని నిమిషాలు తడిగా ఉంచాలి. ఏ రోజుకారోజు కలుపుకోవాలి. యాసిడ్‌తో గానీ అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో గానీ కలిపితే విషవాయువు వస్తుంది, చిన్న బాత్రూంలో అది చాలా ప్రమాదం. మలం అంటిన దుప్పట్లు దులపకుండా ముడిచి తీసుకెళ్లి, 60 డిగ్రీల సెల్సియస్ వేడినీళ్లలో విడిగా ఉతికి బాగా ఆరేయాలి. కిటికీలు తెరవాలి, క్షయ లాంటి గాలి ద్వారా సోకే జబ్బులకు ఇంట్లో ఉన్న గొప్ప రక్షణ అదే.

ఇంటింటికీ తిరిగే నర్సులూ అటెండర్లూ ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వంతెన అవుతారు, బీపీ పట్టీ, స్టెతస్కోప్, ఫోన్, సంచి అన్నీ వాళ్లతో తిరుగుతాయి. సంచి నేల మీదా మంచం మీదా పెట్టకుండా పొడి చోట పెట్టుకోవడానికి ఒక బల్ల చూపించడం, చేతులు కడుక్కోవడానికి సబ్బూ శుభ్రమైన టవలూ సిద్ధంగా ఉంచడం ఇంటివాళ్ల బాధ్యత. 'ముందు చేతులు కడుక్కోండమ్మా' అని చెప్పడానికి మొహమాటపడాల్సిన పని లేదు, మంచి నర్సు దానికి నొచ్చుకోదు. అలాగే దగ్గూ జ్వరంతో వచ్చే అటెండర్‌ను సెలవు తీసుకోమని పంపాలి, జీతం కోస్తారన్న భయం ఉంటే మాత్రం జబ్బు దాచుకుని వస్తారు, అది గుర్తుంచుకోవాలి. ఏటా ఫ్లూ టీకా రోగికే కాదు, దగ్గరుండి చూసేవాళ్లకూ కావాలి, హెపటైటిస్ బి టీకా కూడా.

ఇంత చేసినా ఒక్కోసారి ఇన్ఫెక్షన్ వస్తుంది, అది చూసుకునేవాళ్ల తప్పని అనుకోకూడదు. తొందరగా పట్టుకోవడమే ఇక్కడ కావాల్సింది. ముసలివాళ్లలో జ్వరం గట్టిగా రాకపోవచ్చు. నిన్నటిదాకా పేర్లు గుర్తుపట్టిన మనిషి ఇవాళ తికమకపడడం, అన్నం వద్దనడం, మగతగా ఉండడం, ఊపిరి వేగం పెరగడం, ఒక్కసారిగా కూలబడడం, ఇవే మొదటి గుర్తులు కావచ్చు. వృద్ధుల విషయంలో 37.8 డిగ్రీల సెల్సియస్, అంటే 100 ఫారెన్‌హీట్ దాటినా, వాళ్ల మామూలు వేడి కన్నా 2 ఫారెన్‌హీట్ డిగ్రీలు పెరిగినా పట్టించుకోవాలి. ఆ మామూలు ఎంతో తెలియాలంటే బాగున్న రోజుల్లోనే కొన్నిసార్లు కొలిచి రాసిపెట్టుకోవాలి. డ్రాయర్లో మిగిలిన పాత యాంటీబయాటిక్ వేసి చూద్దాం అనుకుంటే జబ్బు సగం అణిగి, పరీక్షల్లో ఏ బ్యాక్టీరియానో తేలకుండా పోతుంది. కాథెటర్ ఎప్పుడు వేశారు, ఏ సైజు, చివరిసారి ఎప్పుడు మార్చారు, ఈ మధ్య ఏ యాంటీబయాటిక్స్ వాడారు, ఏ మందు పడదు, మామూలు టెంపరేచర్ ఎంత, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి మంచం పక్కన గోడకు అతికించి ఉంచితే, రాత్రి రెండింటికి అంబులెన్స్ వచ్చినప్పుడు కంగారులో ఏదీ గుర్తుతెచ్చుకోనక్కర్లేదు, ఆ కాగితం తీసి చేతిలో పెట్టవచ్చు.